మిరపకాయ కడుపులో ఇంత కథా!

మిరపకాయ తల్లి! లోపలున్న గింజలు పిల్లలు!

వర్ణన కోసం అనడం లేదండీ, అక్షరాలా నిజం! మనం కొరికే ఎర్రటి కండ, నాలుకను మండించే లోపలి తెల్లటి భాగం, తుంచి పారేసే తొడిమ, ఇవన్నీ తల్లి చెట్టు ఒంటివే. గింజలో నిద్రపోతున్న మొలక మాత్రం వేరే ప్రాణి! దానికో తల్లి, దానికో తండ్రి. ఆ తండ్రి అదే చెట్టు కావచ్చు, పక్క సాలులో చెట్టు కావచ్చు, తేనెటీగ ఒంటికి అంటుకుని ఎవరి పుప్పొడి వస్తే వాళ్లు! ఒక్కో గింజ కట్టడానికి ఒక్కో పుప్పొడి రేణువు కావాలి. అంటే ఒకే కాయలో పక్కపక్కన ఒదిగి కూర్చున్న రెండు గింజలకు తండ్రులు వేరువేరు చెట్లు అయి ఉండొచ్చు!

ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకు కాలు నిలవడం లేదు!

ఓరుగల్లు మనిషిని నేను. మిర్చి ఘాటు పీలుస్తూ పెరిగినవాణ్ని. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్ యార్డులో ఎటు చూసినా ఎర్రటి బస్తాలే, గేటు దాటకముందే తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. అయినా ఒక్క కాయను నిలువునా చీల్చి, ఆ లోపల ఏముందో, ఎందుకుందో తేరిపార చూడాలని ఎన్నడూ తోచలేదు. జన్యుశాస్త్రం అంటే పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో, తెల్లకోట్లు వేసుకున్నవాళ్ల వ్యవహారం అనుకునేవాణ్ని. కాదండీ! అది మన వంటింటి పోపుల డబ్బా పక్కనే కూర్చుని ఉంది!

చూపించింది మా మేనకోడలు. హనుమకొండలో డిగ్రీ చదువుతోంది, వృక్షశాస్త్రం అంటే ప్రాణం. ఒకరోజు పళ్లెంలో రెండు రకాల పండు మిరపకాయలు పెట్టుకొచ్చింది. ఒకటి తేజ, సన్నగా, కోసుగా. రెండోది మన చపాట! లావుగా, పొట్టిగా, ముడతలు పడి, టమాట రంగులో నిగనిగలాడుతూ. అందుకే దాన్ని టమాట మిర్చి అని కూడా అంటారు.

"మామా, మిరపకాయల కారం ఏడుంటది చెప్పు?"

"గింజల్ల!" అన్నాను తడుముకోకుండా. మీరూ అదే అంటారు, నాకు తెలుసు!

"గింజల్ల కారం తయారే కాదు మామా! ఇగో, ఇక్కడ!" అని చాకు మొనతో తేజను చీల్చి చూపించింది. గింజలు అతుక్కుని వేలాడే తెల్లటి, మెత్తటి భాగం ఉంటుంది చూడండి, కారమంతా అక్కడే పుడుతుంది. అక్కడి పైపొర కణాల్లో క్యాప్సైసిన్ అనే పదార్థం తయారై చిన్న చిన్న పొక్కులుగా నిండుతుంది. ఆ పొక్కులు పగిలి ఆ కారం గింజలకు పూసుకుంటుంది కాబట్టే గింజలు కారంగా అనిపిస్తాయి, అంతే! కాయ కొస నుంచి లోపలి తెలుపు తగలకుండా రవ్వంత కండ కోసి నాలుక మీద పెట్టుకోమంది. పెట్టుకున్నాను. తియ్యగా ఉంది! పచ్చిగా, తేమగా, కాస్త తియ్యగా! ఆ తర్వాత ఆ తెల్లటి భాగాన్ని అలా తాకించానో లేదో... అబ్బబ్బ! చెవుల దాకా పాకింది మంట! ఒకే కాయ, గోరంత దూరం, రెండు లోకాలు!

ఆ పైన చపాటను చీల్చింది. అదే ఎరుపు, ఇంకా చిక్కటి ఎరుపు, వేళ్లకు అంటుకునే ఎరుపు. నాలుకకు తాకించాను. మంట ఉంది, కానీ మెల్లగా, మర్యాదగా వచ్చి వెళ్లిపోయింది.

ఇక్కడే నా బుర్రలో మెరుపు మెరిసింది. ఎరుపు వేరు, కారం వేరు!

ఎర్రగా ఉంటే కారంగా ఉంటుందని మన కళ్లు మనకు నూరిపోశాయి. కానీ చెట్టుకు సంబంధించినంత వరకు అవి రెండు వేరువేరు ఆదేశాలు! మిరప కణం లోపల జన్యువులను మోసే 24 క్రోమోజోములు, అంటే 12 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. కారం తయారు చేయడానికి తప్పనిసరైన పన్-1 అనే జన్యువు రెండో క్రోమోజోము మీద ఉంది. కాయకు ఎరుపు తెచ్చే క్యాప్సాంథిన్ అనే రంగును చేసే జన్యువు ఆరో క్రోమోజోము మీద ఉంది. వేరువేరు ఇళ్లు! ఒకటి ఎటు వెళితే రెండోది అటే వెళ్లాలన్న నియమం లేదు!

మార్కెట్లో అమ్మే క్యాప్సికం ఉంది కదా, మనం బెంగుళూరు మిర్చి అనేది? అదీ మిరపే, అదే జాతి! మరి కారం ఏమైంది? దాని పన్-1 జన్యువులో దాదాపు 2,500 డీఎన్ఏ అక్షరాల ముక్క ఎప్పుడో ఊడిపోయింది. జన్యువు మొదలే తెగిపోయింది కాబట్టి అది పని చేయదు. పని చేయకపోతే కారం లేదు. అంతే! ఎంత కండ ఉన్నా, ఎంత ఎరుపెక్కినా సున్నా కారం! ఈ సంగతి శాస్త్రవేత్తలు బయటపెట్టింది 2005లో. మన చపాటది ఆ కథ కాదు, దానిలో కారం ఉంది, తక్కువగా ఉంది. కారం ఉండాలా వద్దా అన్నది ఒక జన్యువు తేల్చినా, ఎంత ఉండాలన్నది చాలా జన్యువులు కలిసి తేలుస్తాయి, దానికి తోడు ఎండ, నీటి ఎద్దడి కూడా చేయి వేస్తాయి.

ఇప్పుడు ఊపిరి బిగపట్టి ఈ లెక్క వినండి!

కారంగా ఉండే ఎర్ర మిరపను, కారం లేని పసుపు క్యాప్సికంతో కలిపామనుకోండి. పిల్లలన్నీ ఎరుపే, కారమే! పసుపు రంగు, చప్పదనం మాయం! పోయాయా? పోలేదు, దాక్కున్నాయి! ఆ పిల్లలను వాటిలో వాటికే కలిపి మనవలను పుట్టిస్తే 16 పాళ్లలో 9 పాళ్లు ఎరుపు-కారం, 3 పాళ్లు ఎరుపు-చప్పన, 3 పాళ్లు పసుపు-కారం, 1 పాలు పసుపు-చప్పన. చూశారా? ఎర్రగా ఉండి కారం లేని కాయ! పసుపుగా ఉండి మండిపోయే కాయ! అమ్మమ్మల్లో, తాతల్లో ఎవరికీ లేని కలయికలు మనవళ్లలో! ఎక్కడా కొత్తగా పుట్టించింది ఏమీ లేదు, ఉన్నవే విడిపోయి వేరేలా జతకట్టాయి!

ఈ 9, 3, 3, 1 లెక్కను మొట్టమొదట పట్టుకున్నది గ్రెగర్ మెండెల్ అనే సన్యాసి. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో, మఠం తోటలో, 1856 నుంచి 1863 వరకు బఠానీ మొక్కలు పెంచుతూ కూర్చున్నాడు. గుండ్రటి-పసుపు గింజలు 315, ముడతల-పసుపు 101, గుండ్రటి-ఆకుపచ్చ 108, ముడతల-ఆకుపచ్చ 32 అని ఒక్కొక్కటీ చేత్తో ఏరి లెక్కబెట్టాడు! క్రోమోజోము అన్న మాటే పుట్టని రోజులవి. ఒక్క జన్యువునూ కళ్లతో చూడకుండా, గింజలు లెక్కబెట్టి, లోపల జంటలుగా ఏవో ఉన్నాయని, అవి విడిపోయి ఒక్కొక్కటిగా పిల్లలకు చేరుతున్నాయని తేల్చేశాడు! 1866లో అచ్చు వేస్తే ఎవరూ పట్టించుకోలేదు. 1884లో ఆయన కన్నుమూశాడు. 1900లో గాని లోకం ఆ కాగితాలు తిరగేయలేదు. నాకైతే ఆ ముప్పై నాలుగేళ్లు తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. అంత గొప్ప సంగతి అలమరలో దుమ్ము పట్టి ఉండడమా!

సరే, జంటలు విడిపోవడం ఎక్కడ జరుగుతుంది? పువ్వులో! ఆ చిన్న తెల్లటి మిరప పువ్వులో!

పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు జరిగేది క్షయకరణ విభజన. 12 జతలు విడిపోయి జతకు ఒకటి చొప్పున 12 మాత్రమే ఒక్కో పుప్పొడి రేణువుకు అందుతాయి. ప్రతి జతలో తల్లిది వెళుతుందా, తండ్రిది వెళుతుందా అన్నది పూర్తిగా అదృష్టం. పండుగ రాత్రి పేక కలిపి పంచినట్టే! 12 జతలు, ప్రతి జతకు రెండు దారులు. మొత్తం 4,096 రకాల పంపకాలు! అండానికీ అన్నే. రెండూ కలిస్తే 1,67,77,216 రకాల పంపకాలు! పైగా పంచడానికి ముందు జతలోని క్రోమోజోములు ఒకదానికొకటి ఆనుకుని ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. అంటే పేక ముక్కలు కూడా చిరిగి, అతికి, కొత్తవవుతాయి! ఇక లెక్కకు అంతేముంది?

మనకు 23 జతలు. తల్లి వైపు 83,88,608, తండ్రి వైపు 83,88,608. అందుకే ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ముల్లో ఒకరి ముక్కు ఒకలా, ఇంకొకరిది ఇంకోలా! అందుకే నానమ్మ నుదురు నాన్నను దాటేసి మనవరాలి మీద వాలుతుంది!

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ఆ 23 జతల్లో ఒక జత ఆడా మగా తేల్చేది. తల్లి దగ్గర రెండూ ఎక్స్ క్రోమోజోములే, ఆమె ఎక్స్ తప్ప మరోటి ఇవ్వలేదు. తండ్రి దగ్గర ఎక్స్ ఒకటి, వై ఒకటి. ఏది వెళ్లిందన్నది తండ్రి కణం మీదే ఆధారపడుతుంది. వరసగా ఆడపిల్లలు పుట్టారని కోడళ్లను ఎన్ని మాటలన్నారో మన ఇళ్లలో! ఎందరు ఆడవాళ్లు ఎన్ని కన్నీళ్లు మింగారో! ఆ మాటలన్నింటికీ జవాబు పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ఉంది. ఆ పేజీ ప్రతి ఇంట్లో పెద్దగా చదివి వినిపించాలి.

మళ్లీ గింజ దగ్గరికి వద్దాం, అసలు వింత ఇంకా చెప్పలేదు!

పుప్పొడి రేణువు నుంచి అండం దాకా చేరేవి ఒకటి కాదు, రెండు పురుష కణాలు! ఒకటి అండంతో కలిసి బిడ్డ అవుతుంది, 24 క్రోమోజోములు. రెండోది పక్కనే ఉన్న మరో కణంతో కలిసి ఆ బిడ్డకు ఆహారం అవుతుంది, దానిలో తల్లివి రెండు పాళ్లు, తండ్రిది ఒక పాలు, మొత్తం 36! పైన కప్పిన గింజ తోలు మళ్లీ అచ్చంగా తల్లిదే! అంటే గోరు మీద పట్టేంత గింజలో తల్లి తోలు, తల్లీతండ్రీ కలిసి కట్టిచ్చిన చద్దిమూట, దాని మధ్యలో కొత్త ప్రాణం! ఇన్నేళ్లూ పచ్చడి గిన్నె అడుగున మిగిలితే పక్కకు తోసేసింది ఈ గింజనే!

దీన్నిబట్టి ఇంకోటి తేలుతుంది. పెరట్లో తేజ చెట్టు పక్కన క్యాప్సికం నాటితే, ఈ కారు క్యాప్సికం కాయలు కారమెక్కవు. ఎందుకంటే కాయ తల్లి ఒళ్లు, పుప్పొడి ఎవరిదైనా తల్లి ఒళ్లు మారదు. కానీ ఆ కాయలోని గింజలు దాచి మళ్లీ వేస్తే, అప్పుడు తెలుస్తుంది తండ్రి ఎవరో!

ఇంతకీ ఈ పంపకం కళ్లతో చూడొచ్చా? చూడొచ్చు! కాస్త సులువైన విభజనను, మన ఒళ్లు పెరిగేటప్పుడు, గాయం మానేటప్పుడు, వేరు సాగేటప్పుడు జరిగే సమవిభజనను, చాలా చవగ్గా చూడొచ్చు! కావలసింది ఒక ఉల్లిగడ్డ!

మేనకోడలు నన్ను వాళ్ల ల్యాబుకు తీసుకెళ్లింది. నీళ్ల గ్లాసు మూతి మీద కూర్చోబెట్టిన ఉల్లిగడ్డకు తెల్లటి వేళ్లు దిగి ఉన్నాయి. కొసలు కత్తిరించి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ముందే ఉంచారు. ఆమ్లంలో మెత్తబరిచి, ఎసిటోకార్మిన్ రంగు వేసి, గాజు పలక మీద పెట్టి, సన్నటి గాజు బిళ్ల కప్పి, అద్దుడు కాగితం వేసి బొటనవేలితో నొక్కింది. పుల్లటి వాసన, స్పిరిట్ దీపం వెచ్చదనం, వేలి కింద వేరు కొస నలిగిన చిన్న కదలిక.

"కన్ను దగ్గర పెట్టు మామా. రెండో కన్ను మూసుకోకు."

ముందు మసక. తర్వాత గులాబీ గదులు, వరసలు వరసలుగా. చాలా గదుల్లో గుండ్రటి ముదురు కేంద్రకం ఒకటి, ప్రశాంతంగా. ఆమె పలకను రవ్వంత జరిపింది... ఓయమ్మో!

ఒక గదిలో కేంద్రకం లేదు! దాని బదులు ఎర్రటి దారాలు, అవే క్రోమోజోములు, చిక్కుబడి, లావెక్కి, ఒక్కొక్కటీ విడిగా! అది ప్రథమదశ. ఇంకో గదిలో ఆ దారాలన్నీ నడిమధ్య గీత మీద బారులు తీరాయి! మధ్యస్థదశ. ఇంకో గదిలో... నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి... ప్రతి దారం నిలువునా రెండుగా చీలి, సగం ఇటు, సగం అటు, కండె పోగులు లాగుతుంటే మధ్యలో వంగి, కొసలు వెనక్కి వేలాడుతూ బయలుదేరాయి! చలనదశ! పక్కనే అంత్యదశ, రెండు చివర్లా రెండు కొత్త కేంద్రకాలు, మధ్యలో కొత్త గోడ మొదలవుతూ!

ఆ కణాలు కదలడం లేదు, ద్రావణంలో వేసిన క్షణంలోనే ఆగిపోయాయి. అయినా ఒక్క వేరు కొసలోనే ప్రతి దశా దొరుకుతుంది, ఎవరి తొందరలో వాళ్లున్నారు కాబట్టి! ఉల్లికి 16 క్రోమోజోములు. అటు 16, ఇటు 16. ఒక్కటి ఎక్కువ కాకుండా, ఒక్కటి తక్కువ కాకుండా! 1880 ప్రాంతంలో వాల్తర్ ఫ్లెమింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త సాలమాండర్ అనే జీవి కణాల్లో ఇదే చూసి బొమ్మలు గీశాడు. ఆయనకు మెండెల్ సంగతి తెలియదు. 1902, 1903లో అమెరికాలో వాల్టర్ సట్టన్ అనే యువకుడు మిడతల కణాలు చూస్తూ చూస్తూ, మెండెల్ లెక్కలూ ఈ దారాల నడకా ఒకటేనని పోల్చుకున్నాడు! తోటలో లెక్కబెట్టిన గింజలు, గాజు కింద కనబడిన దారాలు, రెండూ ఒకే కథ! ఆ రోజు సట్టన్‌కు నిద్ర పట్టి ఉంటుందా?

ఇంకా ఉంది, ఇంకా ఉంది! విడిపోయే ముందు ఆ దారాల్లోని డీఎన్ఏ మొత్తం అక్షరం అక్షరం నకలు తీయాలి. మిరప జన్యురాశి ఎంతో తెలుసా? ఒక వరస దాదాపు 350 కోట్ల అక్షరాలు! మనిషిది 310 కోట్లు. మిరపకాయది మనకంటే పెద్దది! ఉల్లిగడ్డది? దాదాపు 1,600 కోట్లు, మనకు అయిదింతలు! ఒక్క ఉల్లి కణంలోని డీఎన్ఏను సాగదీస్తే 10 మీటర్లు దాటుతుంది. అదంతా కంటికి ఆనని ఒక గదిలో చుట్టుకుని, నకలు అయి, సరిగ్గా పంచుకుని పోతోంది. పొడవు ఎక్కువైతే తెలివి ఎక్కువని కాదు, ఆ పొడవులో చాలా భాగం మళ్లీ మళ్లీ వచ్చే పాత వాక్యాలే. అయినా సరే, పది మీటర్లు!

ఇంటికొచ్చి అన్నం తింటుంటే పెరట్లో జామచెట్టు మీద చిలకలు. రామచిలక పండు మిరపకాయను ఎంత హాయిగా కొరుక్కు తింటుందో ఎన్నిసార్లు చూడలేదు మనం! దానికి మంట లేదా? లేదు! మన నాలుక మీద, చర్మంలో సుమారు 43 డిగ్రీల వేడికి మేలుకునే ఒక గ్రాహకం ఉంది. క్యాప్సైసిన్ వెళ్లి దాన్ని తట్టి, కాలుతోందని అబద్ధం చెబుతుంది! 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఆ గ్రాహకం జన్యువును పట్టుకుంది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. పక్షులకూ ఆ గ్రాహకం ఉంది, కానీ వాటి జన్యువులో అక్షరాలు వేరు, అందుకే క్యాప్సైసిన్ తట్టినా అది పలకదు. చాలా పక్షులు గింజను నమలవు, మింగి దూరంగా వేస్తాయి. నమిలి పాడు చేసే జంతువులకు మంట, మోసుకెళ్లే పక్షికి విందు! చెట్టు కారం దాచుకున్నది ఎవరి కోసమో తెలిసిందా?

మరో విడ్డూరం. వేయిస్తంభాల గుడి కట్టినవాళ్లు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, ఈ కాకతీయులెవరూ మిరపకాయ రుచి ఎరగరు! మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడల్లో మన తీరాలకు చేరింది 16వ శతాబ్దంలో. కాకతీయుల రాజ్యం 1323లోనే ముగిసింది. వాళ్ల వంటల్లో ఘాటు మిరియాలది. అంటే ఇన్ని రంగులు, ఇన్ని ఆకారాలు, ఇంత కారం, ఇంత చప్పదనం, మన నేల మీద ఇదంతా నాలుగైదు వందల ఏళ్లలో రైతులు ఏరి ఏరి నిలిపిన పని!

ఆ ఏరడం ఎంత లోతైన శాస్త్రమో ఇప్పుడు అర్థమవుతోంది నాకు. మిరప పువ్వు ఎక్కువగా తనకు తానే ఫలదీకరణ చేసుకుంటుంది. అలా చేసుకున్న ప్రతి తరానికీ జతల్లోని తేడాలు సగానికి తగ్గుతాయి. సగం, పావు, అరపావు... ఏడు తరాలకు నూటికి ఒక్క పాలు కూడా మిగలదు. అప్పుడు తల్లి ఎలా ఉంటే పిల్ల అలాగే! అందుకే చపాట రైతు మంచి చెట్టును గుర్తు పెట్టుకుని, దాని లావాటి ఎర్రటి కాయలను విడిగా ఎండబెట్టి, గింజ దాచి, మళ్లీ ఏడు అదే పంట తీయగలుగుతున్నాడు. ప్యాకెట్‌లో కొన్న హైబ్రిడ్ విత్తనం అలా కాదు. అది రెండు వేరువేరు వంశాల మొదటి తరం, చేనంతా ఒక్క తీరుగా కళకళలాడుతుంది. దాని గింజ దాచి వేస్తే దాక్కున్నవన్నీ బయటపడి ఒక చెట్టు పొట్టి, ఒకటి పొడుగు, ఒక కాయ లావు, ఒకటి సన్నం! మెండెల్ 9, 3, 3, 1 మన చేలోకి వచ్చి కూర్చుంటుంది!

వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిమ్మంపేట మిర్చి రైతు ఉత్పత్తిదారుల సంస్థ, మల్యాలలోని ఉద్యాన పరిశోధన స్థానం, కొండా లక్ష్మణ్ బాపూజీ పేరిట ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి సాధించాయి. ఎరుపు ఎక్కువ, కారం తక్కువ, ఇదే దాని ఘనత. పచ్చళ్లకు రంగు, ఆహార పదార్థాల్లో వాడే సహజమైన ఎరుపు, ఎన్నింటికో అదే. ఈ రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పచ్చడి జాడీలో పైకి తేలే ఆ ఎర్రటి నూనె ఉంది చూడండి, అది ఆరో క్రోమోజోము మీది జన్యువు చేసిన పని మీ కళ్ల ముందు మెరవడమే!

మీరూ చూడండి! దయచేసి చూడండి! ఈ ఆదివారమే చేయండి!

డీఎన్ఏను కంటితో చూడాలంటే సూక్ష్మదర్శిని కూడా అక్కర్లేదు. సగం ఉల్లిగడ్డ మెత్తగా నూరండి. అరగ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, ఆ ఉల్లి ముద్దను అందులో వేసి, నురగ రాకుండా మెల్లగా కలియబెట్టండి. సబ్బు కణాల పొరలను కరిగించేస్తుంది. పలచటి బట్టలో వడగట్టి ఆ నీళ్లు గాజు గ్లాసులో పోయండి. ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచిన సర్జికల్ స్పిరిట్‌ను గ్లాసు అంచు వెంట, కదపకుండా, నెమ్మదిగా పోయండి. పొయ్యికి దూరంగా చేయండి, స్పిరిట్ అంటుకుంటుంది. కాసేపు ఆగండి. రెండు ద్రవాలు కలిసే చోట తెల్లటి పోగులు, జిగురుగా, మెలికలు తిరుగుతూ పైకి లేస్తాయి! పుల్లతో చుడితే చుట్టుకుంటాయి! ఆ పోగుల్లో మరి కొన్ని పదార్థాలు కలిసి ఉంటాయి, కానీ అందులో డీఎన్ఏ ఉంది, కోట్ల కణాలది, మీ చేతిలో!

వేరు కొసలు చూడాలంటే మాత్రం దగ్గర్లో ఏ డిగ్రీ కాలేజీలోనో వృక్షశాస్త్రం అధ్యాపకులను అడగండి. ఉదయం పూట వెళ్లండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి.

ఇక మిర్చి సీజన్‌లో వరంగల్ వస్తే ఎనుమాముల దాకా వెళ్లండి. ఒక చపాట, ఒక తేజ తెచ్చుకోండి. నిలువునా చీల్చండి. తల్లి ఏదో, పిల్ల ఏదో, కారం పుట్టే చోటు ఏదో, ఎరుపు నిండిన చోటు ఏదో పిల్లలకు చూపించండి. గింజలు రెండు కుండీల్లో వేసి, వేటికి ఏ పోలిక వచ్చిందో రాసుకోండి. కాయలు చీల్చాక మాత్రం చేతులకు కాస్త నూనె రాసి, సబ్బుతో బాగా కడుక్కోండి, అప్పటిదాకా కళ్లు నలుపుకోకండి!